ఏటవాలు మీద టేపు

లెక్కల మాస్టారు ముప్ఫై ఏళ్లు త్రికోణమితి చెప్పారు. గోడకు చేరేసిన నిచ్చెనలు, స్తంభాల నీడలు ఆయన చేతిలో ఎన్ని వేలు తేలాయో లెక్కలేదు. అయితే అవన్నీ బోర్డు మీదే. నిజం నిచ్చెన ఎక్కమంటే మహానుభావుడికి కళ్లు తిరుగుతాయి.

ఆయన ఇల్లు కొండవాలులో ఉంది. దానికి పైన, రోడ్డును ఆనుకుని టైలరమ్మ స్థలం. రోడ్డు నుంచి కిందికి నూరు అడుగులు ఆమెవని దస్తావేజులో ఉంది. ఒకరోజు పొద్దున్నే మాస్టారు వాలు వెంట టేపు పరిచి, నూరో అడుగు దగ్గర సుద్దతో గీత గీశారు. గీత ఆమె వంటింటి గుమ్మం ముందు పడింది.

"నీ వంటిల్లు మొత్తం నా స్థలంలో ఉందమ్మాయ్. నెల తిరిగేలోగా పడగొట్టించు."

"రూపాయి రూపాయి కూడబెట్టి కట్టుకున్నాను మాస్టారూ. ఇంకొక్కసారి కొలవండి."

"నీ కూతురికి లెక్కలు చెప్పేవాడికే కొలతలు నేర్పుతావా?"

ఆమె గీత దాటుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. వంటిల్లు పోతే పొయ్యి పెట్టుకోవడానికి వేరే జానెడు చోటు లేదు. పైగా కూతురు రోజూ ఆయన దగ్గరే ట్యూషను చదువుతోంది. అక్కడితో ఆగినా మాస్టారి పరువు దక్కేది. ఆగలేదు. నలుగురి ముందూ నెగ్గాలని ఆయనే సర్వేయరును పిలిపించారు.

సర్వేయరు మూడు కాళ్ల స్టాండు మీద యంత్రం బిగించి, ఒంటికన్నుతో చాలాసేపు చూశాడు.

"టేపు ఎలా పట్టారండీ?"

"నేల మీద పరిచాను. గాల్లో పడతారా ఎవరైనా?"

"గాల్లోనే పట్టాలండీ. దస్తావేజులో ఉండేది మట్టపు కొలత, వాలు కొలత కాదు. ఇక్కడ వాలు ముప్ఫై డిగ్రీలు. కాస్ ముప్ఫై ఎంతో మీకు నేను చెప్పాలా?"

నిద్రలో లేపి అడిగినా చెబుతారాయన. దానితో నూరును మనసులోనే భాగించారు. వాలు వెంట నూట పదిహేనున్నర అడుగులు ఆమెవే! వంటిల్లు నూట ఎనిమిదితో అయిపోతుంది. నూట పన్నెండు దగ్గర మొదలయ్యేది ఆయన ట్యూషను గది.

సర్వేయరు గదిలోకి వెళ్లి, కాస్ ముప్ఫై విలువ ఇంకా చెరపని బోర్డు కింద ఎర్రగీత గీశాడు. "ఇక్కడిదాకా, మట్టంగా మూడు అడుగులు ఆవిడవి."

మాస్టారి గొంతులో మర్యాద కొత్తగా వచ్చి చేరింది.

"గది పడగొట్టమంటారా అమ్మా?"

"ఎందుకులెండి మాస్టారూ, ఉండనివ్వండి," అంది టైలరమ్మ, బోర్డు వంకే చూస్తూ. "రేపట్నుంచి పాపని మాత్రం పంపను."