నా పేరున రాని కబురు

నేను ఒక నెట్‌వర్క్ కార్డును. అరచేయంత ఆకుపచ్చ పలక, ఒక అంచున బంగారు పూత పూసిన పళ్లు, వెనకవైపు తీగ దూర్చుకునే చదరపు నోరు, ఇంతే నా రూపం. ఇప్పుడు ఆ పళ్ల మెరుపు కొంత తగ్గింది. సముద్రానికి ఇంత దగ్గరలో కాపురం పెడితే ఉప్పుగాలి ఎవరినీ ఊరికే వదలదు.

నా ఉద్యోగం సంగతి వింటే మీకు తేలిగ్గా అనిపించవచ్చు. తీగ మీద కబుర్లు పరుగెత్తుతుంటాయి. ప్రతి కబురు నెత్తినా అది ఎవరికి చేరాలో వారి నంబరు ఉంటుంది. నా నంబరు ఉన్నదాన్ని కంప్యూటరుకు అందిస్తాను, లేనిదాన్ని గుమ్మంలోనే వదిలేస్తాను. వినబడక కాదు, శుభ్రంగా వినబడుతుంది. పరాయి కబురు లోపలికి మోయకూడదని నాకు పుట్టుకతోనే నేర్పారు. ఈ ఒక్క గుణం మనుషులకు కూడా పెట్టి ఉంటే టీ దుకాణాలు సగం మూతబడేవి.

నేను పుట్టింది తైవాన్‌లో ఒక ఫ్యాక్టరీలో. ముఖాలకు గుడ్డలు కట్టుకున్న ఆడపిల్లలు నా ముక్కలు అతికించి, దీపం కింద నన్ను తిప్పి చూసి, నా నంబరును నాలో శాశ్వతంగా రాసేశారు. ప్రపంచంలో మరే కార్డుకూ ఆ నంబరు ఉండదట. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది. ఓడ దిగి, లారీ ఎక్కి, సికింద్రాబాదు దుకాణంలో కొన్నాళ్లు అట్టపెట్టెలో పడుకుని, చివరికి కాకినాడలో ఒక ఇంటర్నెట్ సెంటరుకు చేరాను. అక్కడ నేను చూడని మనిషి లేడు. పరీక్షా ఫలితాల రోజున పేజీ తెరుచుకుని మార్కులు బాగుంటే అది పిల్లవాడి తెలివి, పేజీ తెరుచుకోకపోతే అది నా తప్పు. చేతి ఫోన్లు వచ్చాక ఆ సెంటరు మూతబడింది. సామాన్లు తెగనమ్ముతుంటే ఇస్సాకు అనే ఆయన నన్ను కొని, స్క్రూల డబ్బాలో పడేసుకున్నాడు.

ఇస్సాకుది తీరం వెంట ఉన్న రొయ్య హేచరీల్లో కంప్యూటర్లు బాగుచేసే పని. రొయ్య పిల్లను గుడ్డు నుంచి పెంచి చెరువుల రైతులకు అమ్మే చోటును హేచరీ అంటారు. సోమరాజు గారి హేచరీలో కంప్యూటరుకున్న కార్డు తుప్పుపట్టి చచ్చిపోతే, దాని చోట ఇస్సాకు నన్ను బిగించాడు.

అక్కడ నాలుగు షెడ్లు, షెడ్ల నిండా తొట్లు. తొట్లలో నీళ్లకు ఇరవై నాలుగు గంటలూ గొట్టాలతో గాలి అందాలి. కాసేపు గాలి ఆగితే పిల్ల చచ్చి తేలిపోతుంది. అందుకని షెడ్డుకొక గాలిపెట్టె పెట్టారు. గాలి తగ్గగానే పెట్టె మీద ఎర్రదీపం వెలుగుతుంది. అది కంట్రోల్ రూములోని కంప్యూటరుకు తీగ మీద కేకవేస్తుంది, ఇక్కడ గంట మోగుతుంది. పెట్టెలన్నిటినీ, ఆఫీసు గది కంప్యూటరునీ, నన్నూ కలిపేది హబ్బు అనే పాత డబ్బా. ఎవరి కబురైనా అందరి చెవినా వేసే రకం.

కార్డు మారింది కనుక, ప్రతి గాలిపెట్టెలోనూ పాత కార్డు నంబరు చెరిపి నా నంబరు రాయాలి. ఒకటి, రెండు, నాలుగు షెడ్లలో ఇస్సాకు ఆ పని చేశాడు. మూడో షెడ్డులో ఆ ఉదయమే పిల్ల వేశారు. కొత్తగా పిల్ల వేసిన షెడ్డులోకి పై మనిషిని రానివ్వరు. కాళ్లు మందునీళ్లలో కడుక్కున్నా సరే, ఏ రోగం మోసుకొస్తాడోనని భయం. తర్వాత వచ్చి మారుద్దామనుకున్నాడు ఇస్సాకు. అనుకోవడంలో మనుషులను మించినవాళ్లు లేరు. వేరే ఊళ్లో వేరే కంప్యూటరు చెడింది, అటు వెళ్లాడు, మరచిపోయాడు.

కంట్రోల్ రూములో పగటి డ్యూటీ నూకరత్నానిది. నలభై దాటిన మనిషి. కళ్లు గడియారం మీద, చెవి గంట మీద పెట్టుకుని కూర్చుంటుంది. ఒక మధ్యాహ్నం మూడో షెడ్డులో గాలి ఆగిపోయింది. పెట్టె కేకవేసింది. ఆ కేక నా గుమ్మం ముందు నుంచే పోయింది, కానీ దాని నెత్తిన ఉన్నది చచ్చిపోయిన కార్డు నంబరు. నేను వదిలేశాను. గంట మోగలేదు. ఎవరో షెడ్డులోకి తొంగిచూసేసరికి పిల్లంతా తెల్లగా తేలి ఉంది.

సోమరాజు గారు ఊగిపోతూ వచ్చారు.

"గంట ఆపేసుకుని కునుకు తీశావా, నూకరత్నం?"

"లేదండి బాబూ! గంట మోగలేదండి. మోగితే లగెత్తనాండి నేను?"

ఆయన ఖాళీ అయిన షెడ్డులో మళ్లీ గాలి ఆపించి చూశారు. పెట్టె మీద ఎర్రదీపం వెలిగింది. ఇక్కడ గంట మూగగానే ఉంది. గంట ప్రోగ్రాం అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే, ఏ షెడ్డు గంటనైనా డ్యూటీ మనిషి ఆపుకోవచ్చనీ, ఆపినట్టు జాడ మిగలదనీ చెప్పారు. పక్క హేచరీల్లో మోత భరించలేక అలా ఆపుకునేవాళ్లు ఉన్నారు కూడా.

"పెట్టె కేకేసింది, దీపం కళ్లముందే వెలిగింది. ఇక్కడ మోగలేదు. మధ్యలో ఉన్నదెవరు? నువ్వే కదా! మూడో షెడ్డులో మళ్లీ పిల్ల వేసేసరికి ఈ కుర్చీలో ఇంకొకరుంటారు," అన్నారు.

మధ్యలో ఉన్నది నేనండీ అని అరవాలనిపించింది. కానీ నా నోరు తీగ దూర్చుకోవడానికే.

కబురు అందుకుని ఇస్సాకు వచ్చాడు. నూకరత్నం అతని ముందు కళ్లు తుడుచుకుంది.

"ఉజ్జోగం పోతే పోయింది బాబూ. రేపు ఏ హేచరీ గేటు కాడికెళ్లినా, పిల్లని సంపేసినావిడ వచ్చిందంటారు. నేనాపలేదు ఆ గంట."

"నువ్వాపలేదంటే ఆపలేదక్కా. తీగ మీద ఏం నడుస్తోందో పట్టి చూద్దాం ఉండు," అన్నాడు ఇస్సాకు.

తీగ మీది కబుర్లను పట్టుకోవాలంటే రెండు కావాలి. నాతో మాట్లాడి నా చెవులు తెరిపించే డ్రైవరు ఒకటి. దాని పైన కూర్చుని, పట్టిన కబుర్లను వరసగా అందించే లైబ్రరీ మరొకటి. ఇవి తయారుగా దొరుకుతాయి, కానీ కొత్త కంప్యూటర్లకు. ఈ కంప్యూటరు నా ఈడుది. కొత్తది పెడదామంటే గంట ప్రోగ్రాం అందులో నడవదు. అందుకని ఇస్సాకు మూలం తెచ్చుకున్నాడు, అంటే వాటిని రాసినవాళ్ల అసలు రాత. రుబ్బిన పిండి అమ్మే కొట్టు మూసేస్తే బియ్యమూ మినప్పప్పూ తెచ్చుకుని ఇంట్లోనే రుబ్బుకోవడం లాంటిది. దీన్ని కంపైల్ చేయడం అంటారు. ముందు డ్రైవరు, తర్వాత లైబ్రరీ, ఆ పైన కబుర్లు చూపించే చిన్న ప్రోగ్రాం. వరస తప్పితే ఒకటి దొరకలేదని ఇంకొకటి అలుగుతుంది.

మొదటి రోజు మూడూ తయారయ్యాయి. తెర మీద కబుర్లు పడ్డాయి. పడ్డవన్నీ నా పేరున వచ్చినవే. నాలాంటి పాత కార్డుకు అన్ని చెవులూ తెరవమని చెప్పే వరస ఆ డ్రైవరులో లేదు. ఇస్సాకు మూలం చదివి, లోపం పట్టుకుని, ఆ వరస రాసి మళ్లీ కంపైల్ చేశాడు. ఏ మార్పూ లేదు. తను రాసింది తప్పనుకుని ఇంకోలా రాశాడు. అదే కథ. మొదట రాసిందే సరైనదని అతనికి తెలిసే దారి లేదు.

అసలు సంగతేమిటంటే, మదర్‌బోర్డు అనే పెద్ద పలక మీద నా పొరుగున గుండీ అంత బ్యాటరీ ఒకటి ఉంది. అది ఎప్పుడో చచ్చింది. కరెంటు పోయి జనరేటరు అందుకునేలోగా కంప్యూటరు ఆరిపోయి మళ్లీ లేస్తుంది. లేవగానే గడియారం తను పుట్టిన ఏటికి వెళ్లిపోతుంది. మొదటిసారి తేదీ సరిచేసుకునే కూర్చున్నాడు ఇస్సాకు. ఆ తర్వాత కరెంటు పోయింది. ఇక అతను రాసిన ప్రతి దిద్దుబాటు మీదా ఎన్నో ఏళ్ల కిందటి తేదీ పడుతోంది. కంపైల్ చేయించే యంత్రాంగం లోపల ఏం రాసి ఉందో చూడదు, తేదీలు మాత్రమే చూస్తుంది. మూలం పాతది, తయారైన సరుకు కొత్తది, ఇక చేయడానికేముంది అని చేతులు కట్టుకుంటుంది. ఇంటర్నెట్ సెంటరులో ఉన్నప్పుడు ఇలాంటి గుమాస్తాల మీద ఫిర్యాదులు నా మీదుగా ఎన్నో వెళ్లాయి.

ఇటు సోమరాజు గారు కొత్త పిల్లకు కబురు పెట్టేశారు. మూడో షెడ్డు తొట్లు కడిగి ఆరబెడుతున్నారు. నూకరత్నం టీ తెచ్చి పెడుతూ ఇస్సాకు ముఖంలోకి చూస్తుంది. ఆ చూపు నాకే భరించరానిదిగా ఉండేది.

చివరికి ఇస్సాకు తను అప్పుడే దాచిన ఫైలు కోసం వెతికితే అది జాబితాకు అడుగున, ఎన్నో ఏళ్ల కిందటి తేదీతో కనబడింది. కాసేపు దాన్నే చూసి, నుదురు కొట్టుకుని గట్టిగా నవ్వేశాడు.

"ఏటైంది బాబూ?" అని కంగారుపడింది నూకరత్నం.

"ఏం కాలేదక్కా. ఇన్నాళ్లూ ఇది నా మాటే వినలేదు, అంతే."

తేదీ సరిచేశాడు. అంతకుముందు తయారైనదంతా తుడిచేశాడు. తను మొదట రాసిన వరసనే తిరిగి పెట్టి, డ్రైవరు దగ్గర నుంచి మొదలెట్టాడు. సోమరాజు గారు కూడా వచ్చి వెనక నిలబడ్డారు.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా చెవులన్నీ తెరిచారు. పరాయి కబుర్లన్నీ లోపలికి మోశాను. సిగ్గుగానే ఉంది. తెర మీద ముందుగా పడినవి ఆఫీసు గదిలోని కంప్యూటరువి. అందులో సోమరాజు గారు సగంలో వదిలివచ్చిన పేకాట ఇంకా నడుస్తోంది.

ఆయన దగ్గారు. "అది వద్దులే, షెడ్డుది చూడు."

నూకరత్నం మూడో షెడ్డుకు పరుగెత్తి గాలి వాల్వు కట్టేసింది. తెర మీద ఒక వరస పడింది. మూడో షెడ్డు పెట్టె కేక. చేరవలసిన నంబరు పాత కార్డుది. మూడు పెట్టెల్లోంచి తన చేత్తో చెరిపిన నంబరు అది. ఇస్సాకుకు అప్పుడు గుర్తొచ్చింది.

"ఏంటి, పెట్టె పాడైందా?" అన్నారు సోమరాజు గారు.

అంకెలు ఆయనకు అర్థం కావు. ఇస్సాకు తలూపితే సరిపోయేది. తీరమంతా అతని పనికి మచ్చ పడేది కాదు. నాకు ఊపిరి అంటూ ఉంటే బిగబట్టేదాన్ని. కానీ పెట్టె పాడైందంటే కంపెనీవాళ్లు వస్తారు, చూస్తారు, బాగానే ఉందంటారు. అప్పుడది మళ్లీ నూకరత్నం మెడకే చుట్టుకుంటుంది.

"పెట్టె బాగానే ఉందండి," అన్నాడు ఇస్సాకు. "తప్పు నాదండి. కార్డు మార్చినప్పుడు ఆ షెడ్డులోకి రానివ్వలేదు, తర్వాత వచ్చి మారుస్తానని మరచిపోయానండి. కేక చచ్చిపోయిన కార్డు పేరున పోతోందండి. ఆ రోజు ఈవిడ గంట ఆపలేదు. అది మోగే దారే లేదు."

సోమరాజు గారు చాలాసేపు తిట్టారు. ఇస్సాకు తల వంచుకుని అన్నీ పడ్డాడు. వింతేమిటంటే, తిట్లు తింటున్న ఆ ముఖమే ఇన్నాళ్లకు తేలికపడింది. నాకైతే ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే మోసిన సంగతి ఇప్పుడు మనుషులు మోస్తున్నారు.

తడికాళ్లతో నూకరత్నం గుమ్మంలో నిలబడింది. "వచ్చిందా బాబూ?"

"వచ్చిందక్కా. ఆవేళా వచ్చింది. నాది పొరపాటు. క్షమించు."

ఆమె గుమ్మంలోనే కూలబడి, కొంగులో ముఖం పెట్టుకుని ఏడ్చింది. సోమరాజు గారు ఆమె కుర్చీ వైపు చూశారు. "నీ కుర్చీ కాలు ఊగుతున్నట్టుంది, కొత్తది తెప్పిస్తాలే," అన్నారు.

"కుర్సీ సంగతి తరవాతండి. నేను గంటాపలేదని షెడ్లోళ్లందరికీ మీ నోటితో సెప్పండి."

"సరే, చెప్తాలే," అన్నారాయన. ఎప్పుడన్నది చెప్పలేదు.

ఇస్సాకు మందునీళ్లలో కాళ్లు కడుక్కుని మూడో షెడ్డులోకి వెళ్లాడు, ఈసారి ఆపేవారు లేరు. పెట్టెలో నా నంబరు రాశాడు. గాలి వాల్వు ఇంకా కట్టేసే ఉంది. పెట్టె కేకవేసింది, నా పేరున. అందుకున్నాను, అందించాను. గంట గొల్లుమని మోగింది.

నాలుగు షెడ్లలో మనుషులంతా ఎక్కడి పని అక్కడ వదిలేసి, గాలి పోయిందనుకుని కంట్రోల్ రూము ముందుకు పరుగెత్తుకొచ్చారు. నూకరత్నం లేచి గంట బటన్ పక్కన నిలబడింది గానీ చేయి చాపలేదు.

"ఆపమ్మా, చెవులు పోతున్నాయి. ఆపితే చెబుతాను," అన్నారు సోమరాజు గారు.

"మోగనివ్వండి. దీని మీంచే సెప్పండి."

సోమరాజు గారు గుమ్మంలోకి వెళ్లారు. ఆ మోతలో వినబడాలంటే గొంతు చించుకోవాలి, చించుకున్నారు. "ఆ రోజు గంట నూకరత్నం ఆపలేదర్రా! ఆవిడ తప్పేం లేదు!"

వెనక ఉన్నవాళ్లకు వినబడలేదట. ఇంకోసారి చెప్పారు. అప్పుడు నూకరత్నం గంట ఆపి, తన కుర్చీలో కూర్చుంది.