మేలా, తాలా?

ప్రత్తిపాడు రోడ్డు పక్కన మిరపకాయల షెడ్డు ఉంది. అక్కడ ఆడవాళ్ళు కాయలకు తొడిమలు తీస్తారు. తీస్తూనే ఎర్రగా నిగనిగలాడే కాయను మేలు పోగులోకి, తెల్లబడి రంగు పోయినదాన్ని తాలు పోగులోకి వేస్తారు. ఆ పని మరిగినవాళ్ళకు లోకంలో ఏదైనా ఈ రెంటిలో ఒకటే. వీధిలోకి కొత్త కోడలొచ్చినా, పాస్టరు గారు ప్రసంగం చేసినా, మేలో తాలో ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

డిగ్రీ చదివిన ఆరాధన కూడా ఆ వేసవి అక్కడే కూర్చుంది. బ్యాంకు పరీక్షకు కష్టమైన ఇంగ్లీషు మాటలు బట్టీ పట్టాలి. అవేమో బుర్రలో నిలవవు. అందుకని ఒక్కో మాటనూ ఒక్కో మనిషికి తగిలించుకుంది. ఎదురు గంప దగ్గర కూర్చునే గుల్షన్ 'ఫ్రూగల్', అరిగిన చీపురు కూడా పారెయ్యదు. గుమాస్తా వీరబాబు 'ఇండొలెంట్', నిలబడి కూడా కునుకు తీస్తాడు. మాట పైకి చెప్పగానే ఆడవాళ్ళు అడిగేది ఒక్కటే, మేలా తాలా అని. వీరబాబుది తాలని తెలిసి షెడ్డంతా మురిసిపోయింది. ఆ గోలలోనూ వీరబాబు లేవలేదు.

ఆరాధన పక్కన కూర్చునేది చాంద్‌బీ. పిల్ల ఫోన్ చూసి చదువుకుంటుంటే, తను తీసిన కాయలు దోసెడేసి ఆమె గంపలోకి తోసేది. చేతులు ఎంత చురుకో నోరు అంతకు రెండింతలు. దాచేపల్లిలో ఉన్న ఆమె చెల్లెలి ఆడపడుచుకు ఏ మోకాలు నొప్పో షెడ్డులో అందరికీ తెలుసు.

"మరి నాకే మాట పెట్టావే?" అంది చాంద్‌బీ ఒకరోజు.

ఆరాధన ఆ మాట మొదటిరోజే తగిలించుకుంది. "గారులస్, పిన్నీ."

"మేలా, తాలా?"

అందరూ చేతులాపి చూశారు. "మేలే పిన్నీ. మనసులో ఏదీ దాచుకోని మనిషి అని."

చదువుకున్న అబద్ధానికి నునుపెక్కువ. చాంద్‌బీ పొంగిపోయి కిరాణా కొట్లో చెప్పింది, బస్టాపులో చెప్పింది, దాచేపల్లికి ఫోన్ చేసి మరీ చెప్పింది.

కొన్నాళ్ళకు హైస్కూలు ఇంగ్లీషు మాస్టారు జయరావు గారు ఇంట్లోకి కాయలు కొనుక్కుందామని వచ్చారు.

"మాస్టారు గారూ, నన్ను ఇంగ్లీషులో ఏమంటారో తెలుసా అండీ? గారులస్!"

ఆయన కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. "ఎవరన్నారోగానీ అచ్చు గుద్దినట్టు సరిపోయిందమ్మా. వాగుడుకాయ అని!"

షెడ్డు గొల్లుమంది. ఈసారి వీరబాబు కూడా లేచాడు. చాంద్‌బీ వాళ్ళతో పాటు కాస్త నవ్వింది. ఆ తర్వాత మాట్లాడటం మానేసింది.

షెడ్డులో తొడిమలు విరిగే చప్పుడు వినబడటం అదే మొదలు. ఆరాధన గంపలోకి దోసెళ్ళు రాలేదు. ఆదివారం పరీక్ష. చాంద్‌బీ పలక్కుండా పరీక్షకెళ్ళడం ఆరాధన వల్ల కాదు. కళ్ళ నీళ్ళు పెట్టుకుంటే, ఘాటుకేమోనని గుల్షన్ గుడ్డ అందించింది.

మూడోరోజుకు ఉండబట్టలేకపోయింది. "పిన్నీ, తిట్టు. పోనీ కొట్టు. ఇలా మాత్రం ఉండొద్దు."

చాంద్‌బీ కాయ మీంచి చూపు తిప్పలేదు. "వాగుడుకాయనని నాకు తెలీదనుకున్నావటే? మా అమ్మ పెట్టిన పేరే అది. మొహాన అనుంటే నవ్వి ఊరుకుందును. తాలు తెచ్చి మేలని చేతిలో పెట్టావు. అది పట్టుకుని ఊరంతా తిరిగా." చేతిలో కాయ తొడిమ తుంచింది. "ఇన్నాళ్ళూ నీ గంపలోకి తోశానే, అందులో ఒక్క తాలుకాయన్నా చూశావా?"

"లేదు పిన్నీ."

చాంద్‌బీ ఇంకో కాయ అందుకుంది.

"నువ్వు చేసిందానికి ఇంగ్లీషులో మాటుందా?"

"ఉంది. డూప్లిసిటీ. పైకొకటి, లోపలొకటి."

"దాన్నెవరికి తగిలించావు?"

"ఇప్పటిదాకా ఎవరూ దొరకలేదు. ఇంక నాకే."

"మేలా, తాలా?"

"తాలు."

చాంద్‌బీ కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఎర్రటి కాయలు దోసెడు తీసి ఆరాధన గంపలోకి తోసింది.

"సరే, చదువుకో," అంది. తర్వాత అంది, "దాచేపల్లిలో మా చెల్లెలి ఆడపడుచు లేదూ, ఇప్పుడు రెండో మోకాలు కూడా పట్టేసిందటే..."