పసుపు పీపాల అవతల

ఆ దీవి మొత్తం సైన్యానిది. విమానాలు దిగే దారి, రేవు, చిన్న ఆసుపత్రి, వరసగా రేకుల ఇళ్లు. ఎటు చూసినా నీళ్లే. సెలవు రోజున అక్కడి మనుషులకున్న సరదా ఒక్కటే, గాలి సిలిండరు వీపున కట్టుకుని సముద్రంలోకి దిగడం. దానికీ సవాలక్ష ఆంక్షలు. ఒంటరిగా దిగకూడదు. రేవు ఆఫీసులో చెప్పకుండా దిగకూడదు. అన్నిటికంటే ముఖ్యం, గొలుసులతో సముద్రం అడుగుకి కట్టి నీళ్ల మీద తేలేలా వదిలిన పసుపు పీపాలు దాటి ఓడల దారిలోకి వెళ్లకూడదు.

ఆసుపత్రి నర్సుకు ఈ ఆంక్షలన్నీ కంఠతా వచ్చు. భయస్తురాలు మరి. పెళ్లై దీవికి వచ్చిన కొత్తలో మోకాలి లోతు నీళ్లకే ఆమె గుండె దడదడలాడేది. అలాంటిదాన్ని పట్టుబట్టి ఈ విద్యలోకి దించింది వాళ్ల వదిన, అంటే భర్తకు అక్క. ఆవిడ రేవు ఆఫీసులో వైర్‌లెస్ ఆపరేటరు. గొంతు గట్టిది, నవ్వు ఇంకా గట్టిది. తమ్ముడితో సహా ఇంట్లో ఎవరూ ఆవిడ మాట జవదాటరు.

ఆ మధ్యాహ్నం ఒడ్డున హెచ్చరికల బోర్డు ముందు నర్సు ఆగిపోయింది.

“వదినా, ఎర్ర గీత గీశారు చూశారా? ఇవాళ పీపాల దరిదాపుల్లోకి కూడా పోవద్దట.”

“పోవద్దంటే పోం. ఇవతలే తిరిగొద్దాం.”

“ఎందుకు గీశారో మీకు తెలీదా? మీ ఆఫీసేగా?”

“నిన్నంతా నాకు సెలవు. అయినా గీతలు గీయకపోతే వాళ్లకు పొద్దెలా పోతుంది? ముందు నువ్వు ఆ అద్దాలు సరిగ్గా కడుక్కో. లోపలికెళ్లాక మసకేసిందని నా ప్రాణం తీస్తావు.”

నర్సు నవ్వేసి అద్దాలు కడుక్కుంది. వదిన పక్కనుంటే ధైర్యం అరువు దొరికినట్టే ఉండేది ఆమెకు.

కింద నీళ్లు తేటగా ఉన్నాయి. రాళ్ల సందులోంచి పెద్ద తాబేలు ఒకటి బయటికొచ్చి తాపీగా ఈదుకుంటూ పోయింది. వదిన దాని వెంట పడింది. వదిన వెంట నర్సు. కాళ్లు ఆడించకుండానే ముందుకు జారిపోతుంటే, ఎంత హాయిగా ఉందో అనుకుంది తప్ప, ప్రవాహం తమను లాక్కుపోతోందని నర్సుకు తట్టలేదు. నాచు పట్టిన లావుపాటి గొలుసు ఒకటి పక్కన కనబడి తలెత్తి చూసింది. పైన పసుపు పీపా. పీపాల వరస మొత్తం వెనక, ఒడ్డు వైపు ఉండిపోయింది. తాము అవతలికి వచ్చేశారు.

నర్సు వదిన భుజం పట్టి లాగి, బొటనవేలు పైకి చూపింది. పైకి పోదాం.

వదిన అడ్డంగా తల ఊపింది. కిందికి, ఒడ్డు వైపుకి వేలు చూపించింది. రాళ్లు పట్టుకుని పాకుతూ ఎవరి కంటా పడకుండా వెనక్కి పోదామని. పైన కనబడితే ఆవిడ ఉద్యోగం ఊడుతుంది, ఆ సంగతి నర్సుకూ తెలుసు. వదిన చూపినట్టే రాయి పట్టుకుంది.

అప్పుడే వచ్చింది ఆ దెబ్బ. చెవులకు వినబడటం కాదు, ఎవరో రొమ్ము మీద అరచేత్తో చరిచినట్టయింది.

అదేమిటో దీవిలో అందరికీ తెలుసు. పరాయివాడెవడైనా నీళ్ల అడుగున రేవులోకి చొరబడుతున్నాడని అనుమానం వస్తే, కాపలా పడవ మీంచి చిన్న చిన్న మందుగుండ్లు వదులుతారు. గాలిలో అది పెద్ద టపాకాయంత. నీళ్లలో పక్కన పేలితే ఊపిరితిత్తులు చితికిపోతాయని ఆసుపత్రి డాక్టరు ఒకసారి చెప్పాడు. ఎర్ర గీత ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

రెండో దెబ్బ ఇంకా దగ్గర. అడుగున ఇసుక పొగలా లేచింది. వదిన గొలుసును రెండు చేతులా వాటేసుకుంది. అద్దాల వెనక ఆవిడ కళ్లు ఇంతింతయ్యాయి. ఆ కళ్లలో మునుపటి వదిన లేదు.

నర్సు అరుద్దామంటే నోట్లో గొట్టం. ఇక్కడే ఉంటే చచ్చిపోతాం అన్న ఒక్క మాటే బుర్రలో తిరుగుతోంది. ఇన్నేళ్లలో మొదటిసారి వదినకు ఎదురుతిరిగింది. గొలుసు మీంచి ఆవిడ వేళ్లు ఒక్కొక్కటే ఊడబెరికింది. వదిన మోచేత్తో పొడిచింది. అయినా వదల్లేదు. నడుం చుట్టూ చెయ్యేసి, కాళ్లు తన్నుతూ పైకి లాక్కెళ్లింది.

ఊపిరి బిగబట్టి పైకెళ్తే గాలి ఉబ్బి ఊపిరితిత్తులే చిరిగిపోతాయి. వదిన బిగబట్టే ఉంది. నర్సు తన మొహం ఆవిడ మొహానికి ఆనించినంత దగ్గరగా పెట్టి, బుడగలు వదిలి చూపించింది. ఊదండి, ఇలా ఊదండి. ఆఖరికి వదిన నోటి పక్కనుంచీ బుడగలు లేచాయి.

తలలు పైకి తేలేసరికి కాపలా పడవ వాళ్ల మీద పడేంత దగ్గరలో ఉంది.

“చేతులెత్తండి! కదిలితే కాలుస్తా!”

“ఎత్తితే మునిగిపోతాం నాయనా! నేను ఆసుపత్రి నర్సుని! మొన్న నీకు సూది వేసింది నేనే!”

తుపాకీ కిందికి దిగింది. తుపాకీ పట్టుకున్నవాడి పక్కన నిలబడ్డ కాపలావాడి చేతిలో ఇంకో మందుగుండు ఉంది, వదలడానికి సిద్ధంగా. ఆ మనిషి దాన్ని జాగ్రత్తగా పెట్టెలో తిరిగి పెట్టాడు. తర్వాత అతను పడవ అంచున కూలబడి, వీళ్లకంటే ముందు ఏడ్చాడు.

వదిన కుడి చెవిలోంచి నెత్తురు కారుతోంది.

విచారణలో అధికారి అడిగాడు. “పైకి రావాలని ఎవరనుకున్నారు?”

“మా మరదలండీ,” అంది వదిన. “నేను వద్దన్నాను. నా మాట వినుంటే ఇద్దరం అక్కడే ఉండేవాళ్లం. తాబేలు వెనక పోయిందీ నేనే. అదీ రాసుకోండి.”

దీవి మొత్తానికీ నీళ్లలో మునగడం బందైంది. భోజనాల హాల్లో జనం వీళ్లను చూసి మొహాలు తిప్పుకున్నారు. వదిన చెవి బాగుపడలేదు. ఆవిణ్ణి వైర్‌లెస్ నుంచి తప్పించి సామాన్ల గోదాములో వేశారు. నర్సుకు దెబ్బేమీ తగల్లేదు. కానీ వార్డులో ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే చాలు, రొమ్ము పట్టుకుని కూర్చుండిపోయేది. తల మీద నీళ్లు పడితే ఊపిరాడేది కాదు. రోజుల తరబడి తల తడిపిందే లేదు.

ఒక ఆదివారం పొద్దున్న వదిన చెప్పాపెట్టకుండా వచ్చి, స్నానాలగదిలో పీట వేసి, చెంబు పట్టుకుంది.

“కూర్చో.”

“వద్దు వదినా, నావల్ల కాదు.”

“కళ్లు తెరుచుకునే ఉండు. చెప్పి పోస్తా.” భుజం మీద చెయ్యేసి, మునుపు లేని మెత్తదనంతో అంది. “పోస్తున్నానే అమ్మాయ్. కొంచెమే.”

నర్సు వదిన చెయ్యి గట్టిగా పట్టుకుంది. గోరువెచ్చని నీళ్లు మెడ మీంచి జారాయి. ఒళ్లంతా వణికింది, కానీ లేవలేదు.

“ఇంకొంచెం పోస్తున్నా,” అంది వదిన.