దోమలు వాలని చెయ్యి

హుమ్నాబాద్‌లో దోమల లోషన్ తయారుచేసే కంపెనీలో దీనా పని, దోమలకు చెయ్యి ఇవ్వడం. లోషన్ రాసుకున్న చేతిని అరగంటకోసారి దోమలున్న జాలి పెట్టెలో పెట్టాలి. మొదటి దోమ కుట్టడానికి ఎంతసేపు పట్టిందో సూపర్‌వైజర్ సుశీల్ చూస్తాడు. అంతకుముందు, దోమలు ఆకలి మీద ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి ఉత్త చెయ్యి పెట్టాలి.

ఆ రోజు ఉత్త చేతి మీద ఒక్క దోమా వాలలేదు. అన్నీ జాలికి అతుక్కుని కూర్చున్నాయి.

"సబ్బుతోని కడుక్కొని రా అక్కా," అన్నాడు సుశీల్.

కడుక్కుని వచ్చి పెట్టింది. అదే తీరు. సుశీల్ తన చెయ్యి పెడితే ముసురుకున్నాయి. అతను స్టూలు దీనా వైపు జరిపాడు. చావు దగ్గరపడ్డవాళ్ళను దోమలు ముట్టవని అక్కడ పనిచేసే అందరికీ తెలుసు. కిందటి వానాకాలం ఇదే పని చేసే సిలాసును ముట్టలేదు. ఆ పొద్దు గడవకముందే పోయాడు.

"పాస్టరయ్యకు ఫోన్ చెయ్యాల్నా?"

"ఆగు తమ్మీ."

షిఫ్టు అయిపోయే వేళకు కూతురు జెస్సికా స్కూటీ తీసుకుని వచ్చింది. ఇద్దరూ కలిసి నిర్ణా ఊళ్ళో అమ్మమ్మ దగ్గరికి పోవాలి. దీనా ఆమెను లోపలికి పిలిచి, చెయ్యి పట్టుకుని పెట్టెలో పెట్టింది. దోమలు కదలలేదు.

దోమల సంగతి తల్లి నోట విని ఉన్న జెస్సికా ఆమె ముఖంలోకి చూసింది. "మనిద్దరమా?"

"చెయ్యి తియ్యకు," అంది దీనా. దోమల వైపే చూస్తూ ఒక్కో దారీ చెప్పి చూసింది. "ఇయ్యాల పోవద్దు. ఈడనే ఉందాం."

దోమలు కదలలేదు.

"బస్సుల పోదాం."

కదలలేదు. సుశీల్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"అయితే నువ్వు ఈడనే ఉండు బిడ్డా. బండి మీద నేనొక్కదాన్నే పోత."

దోమలన్నీ ఒక్కసారిగా లేచి జెస్సికా చేతి మీద పడ్డాయి. ఆమె చెయ్యి లాక్కోబోతే దీనా మోచేతి దగ్గర గట్టిగా పట్టుకుంది.

"మండుతాందమ్మా."

"మండనియ్యి."

"పోకమ్మా. నా దగ్గరనే ఉండు."

ఉండిపోదామా అనుకుంది దీనా. ఆ క్షణమే దోమలు లేచి మళ్ళీ జాలికి పోయాయి.

ఆమె కూతురి నుదుటి మీద ముద్దు పెట్టి, బండి తాళంచెవి తీసుకుంది. చెయ్యి తియ్యనియ్యొద్దని సుశీల్‌కు చెప్పింది. గడప దాటి, వెనక దోమల మోత మొదలయ్యేదాకా ఆగింది. తర్వాత బండి తీసింది.

చీకటి పడకముందే హైవే మీద లారీ గుద్దింది.

జెస్సికా చెయ్యి చాలా రోజులు వాచి ఉంది. అమ్మమ్మ మందు రాయబోతే వెనక్కి తీసుకుంది.