వంటగట్టు ఎత్తు

తెనాలి నుంచి రేపల్లెకి రైలుంది. ఈ సంగతి తెనాలిలో చంటిపిల్లలకి కూడా తెలుసు. పొద్దున ఎక్కితే బడిగంట కొట్టేలోపు అక్కడుండొచ్చు, సాయంత్రం ఎక్కితే దీపాలు పెట్టేవేళకి ఇల్లు చేరొచ్చు. అందుకే, తన భార్య ఫ్లోరెన్స్‌కి రేపల్లె ట్రాన్స్‌ఫరైందనీ, అక్కడే గది తీసుకుందనీ జార్జి చర్చిలో చెప్పినప్పుడు అందరూ తలలూపారు గానీ ఒక్కరూ నమ్మలేదు. పైగా చెప్పిన పెద్దమనిషి తానే ఇరవై ఏళ్లుగా రోజూ రైలెక్కి బాపట్ల వెళ్లొస్తున్నాడు. అక్కడ వ్యవసాయ కాలేజీ ఆఫీసులో పని. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. జార్జికి ఆ విద్య కూడా రాదు.

ఫ్లోరెన్స్ దెబ్బలాడి వెళ్లలేదు. దెబ్బలాడి ఉంటే బాగుండేది, బతిమాలుకోవడానికి ఓ దారి ఉండేది. టీచర్ల బదిలీల్లో తనే రేపల్లె కోరుకుంది. బట్టలు సర్దుకుంది, కూరలు చేసి ఫ్రిజ్‌లో పెట్టింది, గ్యాసు కట్టేయడం మర్చిపోవద్దని చెప్పి ఆటో ఎక్కింది. పిల్లల్లేని ఇల్లు. ఆమె వెళ్లాక ఆ ఇంట్లో మాట్లాడేది టీవీ ఒక్కటే. జార్జి దాన్ని చూడడు, ఊరికే పెట్టి ఉంచుతాడు.

ఆదివారాలు మరీ ఘోరం. చర్చి నుంచి వస్తుంటే వీధి పొడుగునా మాంసం కూర వాసన. ప్రతి వంటింట్లోంచీ ఎవరో ఎవరినో పిలుస్తుంటారు. జార్జి తాళం తీసుకుని లోపలికెళ్లి రెండు గుడ్లు ఉడకబెట్టుకుంటాడు. ఒంటరితనం అంటే ఏదో పుస్తకాల్లో మాట అనుకునేవాడు ఇదివరకు. కూరలో ఉప్పెక్కువైందని విసుక్కోవడానికి కూడా మనిషి లేకపోవడమని ఇప్పుడు తెలిసొచ్చింది. మిగిలిన అన్నం పొద్దున్నే కాకులకి పెడతాడు.

దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయని సామెత. సరిగ్గా అలాగే, ఆమె వెళ్లిన ఆర్నెల్లకి జార్జికి వంటింటి సంగతి గుర్తొచ్చింది. ఆ వంటిల్లు అతని తండ్రి వెనక వరండాలో ఓ మూల గోడపెట్టి చేసింది. ఒకరు లోపల నిలబడితే రెండోవారు బయటే. కిటికీ లేదు, పొగ పోయే దారి లేదు. గట్టు మాత్రం ఉంది. అది జార్జి తల్లి పుల్లమ్మ కోసం కట్టింది, ఆవిడ బాగా పొట్టి మనిషి. ఆ గట్టు మీద వండుతూ కోడలు ఇరవై రెండేళ్లు నడుం వంచింది. కాస్త ఎత్తు చేయించమని ఏడాదికోసారైనా అడిగేది. మా అమ్మ దానిమీదే కదా వండింది అనేవాడు జార్జి. అదొక జవాబనుకునేవాడు.

ఇప్పుడా జార్జే పెద్ద ప్లాను వేశాడు. వంటిల్లు పెరట్లోకి పెంచాలి. తూర్పున కిటికీ, పొగ లాగే ఫ్యాను, నల్ల గ్రానైటు గట్టు. దాని పక్కన కూరలు తరుగుతూ ఎవరైనా కూర్చోవడానికి ఓ కుర్చీ పట్టే చోటు. ఆ ఎవరైనా తనే. తను ఉల్లిపాయలు కోస్తుంటే, ఆమె పొయ్యి దగ్గర నిలబడి బడి కబుర్లు చెబుతున్నట్టు ఊహించుకున్నాడు. అంతా అయ్యాక పిలిచి చూపిద్దామని ఆమెకి ముందు చెప్పలేదు. చూస్తే తిరిగొస్తుందని అతని ఆశ. ఆ ఒక్క ఆశ మీదే ఇటుకలు దింపించాడు, ఆఫీసుకి సెలవు పెట్టాడు.

మేస్త్రి మీరావలి అంగలకుదురు నుంచి స్కూటర్ మీద వచ్చాడు. మంచి పనివాడే గానీ తొందర మనిషి. ఒక ఇంట్లో ఉండగానే ఇంకో ఇంటివాళ్లకి బయల్దేరానని ఫోన్లో చెబుతుంటాడు. పెరట్లో సున్నంతో గీతలు గీశాడు. కుర్చీకి చోటెందుకు, అక్కడ బియ్యం డబ్బాలు పెట్టుకోవచ్చని వాదించి ఓడిపోయాడు. చివరికి టేపు పట్టుకుని నిలబడ్డాడు.

"గట్టు ఎత్తెంత పెట్టమంటారు సార్? అమ్మగార్ని ఓసారి పిలవండి. నడుం దగ్గర గుర్తు పెట్టేస్తాను."

"ఆవిడ రేపల్లెలో ఉంది. ట్రాన్స్‌ఫర్."

మేస్త్రికి కూడా రేపల్లె రైలు సంగతి తెలుసు. పోనీ, మనిషి ఎంత ఎత్తుంటారో చెయ్యి పెట్టి చూపించమన్నాడు.

జార్జి చెయ్యి ఎత్తి గుండె దగ్గర పెట్టాడు. కాదనిపించి భుజం దగ్గరికి జరిపాడు. అక్కడా నమ్మకం కుదరక గాల్లో అలాగే ఉంచాడు. మేస్త్రి కాసేపు ఆ చేతివంక చూసి, తను టీ తాగొచ్చేలోపు కనుక్కోమని చెప్పి వీధి చివరికి పోయాడు.

ఎక్కడని కనుక్కుంటాడు? బీరువాలో ఆమె చీరలు కొన్ని ఉన్నాయి. చీర ఎవరికైనా ఒకటే పొడుగు. పెళ్లి ఫొటోలో ఆమె కుర్చీలో కూర్చుంది, తను వెనక నిలబడ్డాడు. చర్చిలో మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. బయటికొచ్చాక తను ముందు, ఆమె వెనక. నీది నత్తనడక అని వెక్కిరించేవాడు కూడా. భార్య పక్కన తిన్నగా నిలబడ్డ ఒక్క పూట కోసం వెతికాడు పాపం. పాస్టరుగారి ముందు ప్రమాణం చేసిన ఆ పెళ్లిపూట తప్ప ఇంకోటి దొరకలేదు. ఆ పూటా ఆమె తల వంచుకునే ఉంది.

జార్జికి భయం వేసింది. ఆమె ఇంట్లో లేదని ఇన్నాళ్లూ దిగులు పడ్డాడు. ఉన్నన్నాళ్లూ తను ఆమెని చూడనేలేదన్న సంగతి ఇప్పుడు తగిలింది. ఎంత ఎత్తో తెలియని మనిషి కోసమా తను వంటిల్లు కట్టిస్తున్నాడు? టీవీ మోత భరించలేక వెళ్లి కట్టేశాడు.

బడిలో భోజనాల వేళ చూసి ఫోన్ చేశాడు. ఎప్పుడో ఓసారి మాట్లాడుకుంటారు గానీ, అదీ కరెంటు బిల్లూ గ్యాసు బుకింగూ దాటదు. వంటిల్లు పెంచుతున్నానని చెప్పాడు. కిటికీ సంగతి చెప్పాడు, ఫ్యాను సంగతి చెప్పాడు. కుర్చీ సంగతి చెప్పబోయి సిగ్గుపడి ఆగాడు. ఆమె ఎక్కడా అడ్డం రాలేదు. వెనక పిల్లల గోల వినిపిస్తోంది.

"మేస్త్రి గట్టు ఎత్తు అడుగుతున్నాడు," అన్నాడు. "నువ్వెంత ఎత్తుంటావు?"

ఆ మాట వదిలేసి ఆమె, ఇప్పుడు వంట ఎవరు చేస్తున్నారని అడిగింది. నేనే అన్నాడు. ఏం వండుకుంటున్నారంది. పప్పు, గుడ్లు అన్నాడు.

"నడుం నెప్పి పుడుతోందా?"

"పుడుతోంది."

"పుడుతుందండి," అంది ఫ్లోరెన్స్. ఆ గొంతులో దెప్పిపొడుపు లేదు. ఉంటే బాగుండుననిపించింది జార్జికి. "మీ ప్యాంటు పొడుగు నలభై రెండంగుళాలు. ఇన్నేళ్లూ టైలరుకి నేనే కదా చెప్పింది. మూడడుగులు పెట్టించమనండి, మీకు సరిపోద్ది."

"నాకెందుకు? నీ కోసం కదా కట్టిస్తున్నాను."

"నాకిక్కడ గట్టు సరిగ్గానే ఉందండి."

గంట కొట్టారని చెప్పి పెట్టేసింది. తన ఎత్తు మాత్రం చెప్పలేదు.

మేస్త్రి టీ తాగొచ్చాడు. జార్జి మూడడుగులని చెప్పాడు. మీరావలి నొసలు ముడిచాడు. అంతెత్తు ఆడవాళ్లకి ఇబ్బందనీ, రేపు అమ్మగారొచ్చి చూస్తే తిట్లు తినేది తానేననీ, ఒకసారి గ్రానైటు పరిచాక తగ్గించడం తన వల్ల కాదనీ ఏకరువు పెట్టాడు.

"ఆవిడ రాదు మేస్త్రీ," అన్నాడు జార్జి. "ఈ ఇంట్లో నేనొక్కణ్ణే ఉంటాను. నేనే వండుకుంటాను."

ఆ మాట పైకి అనడం అదే మొదలు. గోడలు కూడా అప్పుడే విన్నాయి. మీరావలి చెవి మీది పెన్సిల్ తీసి, గోడకి ఆనుకుని నిలబడమన్నాడు. జార్జి నిలబడ్డాడు.

"తల వంచుకున్నారు. తిన్నగా నిలబడండి సార్, కొలత తప్పిపోద్ది."

జార్జి తల ఎత్తాడు. మేస్త్రి వంగి, అతని నడుం దగ్గర గోడ మీద గీత గీశాడు. లేచి, చేతులు దులుపుకుని, సున్నం గీతల వైపు చూపించాడు.

"అయితే ఇక ఆ కుర్చీ చోటు తీసేద్దామా సార్?"

జార్జి సున్నం గీత మీద పడున్న ఇటుక ముక్కని కాలితో పక్కకి నెట్టాడు.

"ఉండనియ్యి," అన్నాడు.