అత్త చాయికి మంచు

మా అత్త దెజిద్‌కి చాయి అంటే మంచు కరిగించి కాచిందే. ఆ మంచు కోసం రోజూ బకెట్ పట్టుకుని, నా వాకిలి దాటి, నా తోడికోడలు తుంగలగ్ వాకిట్లోకి పోతుంది. నేను చూస్తున్నానని తెలిసే పోతుంది. ఒళ్ళు మండదూ?

ఉలాన్‌బాతర్‌లో మా కొండవాలుకి బాయిలర్లు రెండు. బడిని వెచ్చబెట్టేది నాది, ఆసుపత్రిని వెచ్చబెట్టేది దానిది. ఎవరి బాయిలర్ పక్కనే వాళ్ళ ఇల్లు. ఇద్దరం వేసేది ఒకే గని బొగ్గు. అయినా నా పొగగొట్టం చుట్టూ మంచు మసిగుడ్డలా ఉంటుంది, దాని చుట్టూ కాస్త తెల్లగా. బొగ్గు కొద్దికొద్దిగా వేస్తుందట, ఓపికట. అత్త ఈ మాట వీధి వీధంతా చెప్పుకొస్తుంది. నాకేమో ముక్కు మీద కోపం. పార మీద పార విసిరేస్తాను.

ఈ చలికాలం పొగ వడకట్టే యంత్రం వచ్చింది, ఒక్కటే. ఎవరి పొగ పలచగా ఉంటే వాళ్ళకే యంత్రం, బడికీ ఆసుపత్రికీ వేడి అక్కడి నుంచే, రెండో బాయిలర్‌కి తాళం అన్నాడు ఇంజినీరు గొంబో. నేను పోయి తుంగలగ్ చేతికింద బూడిద ఎత్తాలా? పట్టుబట్టి నేనూ కొద్దికొద్దిగానే వేశాను. పొగ నిజంగానే పలచబడింది.

కొలిచే రోజు సరిగ్గా నిప్పుతల్లికి పెట్టే రోజునే పడింది. కొత్త సంవత్సరం ముందు గొర్రె రొమ్ము ఎముకకి కొవ్వు చుట్టి, వెన్న రాసి ఇంటి పొయ్యిలో వేస్తాం. నాకు కూడు పెట్టేది ఇంటి పొయ్యా, బాయిలరా? అందుకే బాయిలర్లోనే వేశాను. తుంగలగ్ కంటే తక్కువ పెడతానా, రెండు గొర్రెల కొవ్వు పెట్టాను. తల్లీ, దాన్ని ఓడించు అని మొక్కాను కూడా.

గొంబో అప్పుడే గొట్టానికి పొగ కొలిచే పరికరం తగిలించాడు. కొవ్వు అంటుకుంది. నల్లటి పొగ బుసబుసమని లేచి, అతని టోపీ మీద జిడ్డు మసి రాలింది.

"ఏం వేశావమ్మా లోపల, టైర్లా?" అన్నాడు.

నిప్పుతల్లికి పెట్టినదాన్ని టైరంటాడా అని నోటికొచ్చినట్టు తిట్టాను. తిడితే కొలత తగ్గుతుందా? తుంగలగ్ మాత్రం అతను వెళ్ళాక, తీరిగ్గా ఇంటి పొయ్యిలో పెట్టుకుంది.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంట ఒకావిడ. ఇది నవ్వనైనా నవ్వలేదు. నా బాయిలర్‌కి తాళం పడిన రోజు వచ్చి, "అక్కా, పగటి డ్యూటీ నువ్వు తీసుకో, రాత్రి చలిలో నేను చూసుకుంటా," అంది. నవ్వినా బాగుండేది, చెంప పగలగొట్టడానికి ఒక సాకు దొరికేది.

తర్వాత మళ్ళీ మంచు పడింది. ఒక పొద్దున బకెట్ చప్పుడైతే తలుపు తీశాను. అత్త. తుంగలగ్ దగ్గరికి పోలేదు, నా వాకిట్లోనే వంగి మంచు ఎత్తుకుంటోంది.

"ఇప్పుడు నీ దగ్గరే తెల్లగా ఉందే," అంది. నాతో అంత మెత్తగా ఎప్పుడూ మాట్లాడి ఎరగదు.

ఇన్నేళ్ళూ నేను ఏడ్చింది ఈ మాట కోసమే. బకెట్ లాక్కుని మంచంతా నేలమీద గుమ్మరించాను.

"ఇది నేను తెల్లగా ఉంచింది కాదత్తా. నిప్పు చచ్చిపోతే తెల్లబడింది."

అత్త వంగి మళ్ళీ నింపుకోవడం మొదలుపెట్టింది. నేను పార భుజాన వేసుకుని తుంగలగ్ దగ్గరికి డ్యూటీకి పోయాను.