తిరగబడ్డ అక్షరాలు

ఆమెకి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. దుప్పటి పిండుతూ తను అటు తిరిగిన అర నిమిషంలో నీళ్ళొచ్చి పిల్లని పట్టుకుపోతాయని. చీకటంటే భయం లేదు. మొగుడి కోపమంటే లేదు. మేనేజరంటే కాస్త ఉండేది, అదీ పోయింది. ఎలా పోయిందో వినండి.

ఏడో తరగతిలో బడి మానేసింది కాబట్టి తోటివాళ్ళు ఆమెని 'ఏడోక్లాసు' అని పిలిచేవాళ్ళు. డ్యాము కింద బండల మీద దుప్పట్లు ఉతికే పదకొండు మందిలో చదవడం వచ్చింది ఆమె ఒక్కదానికే. ఆ డ్యామూ, దాని వెనక చెరువూ, ఒడ్డున హోటలూ, షికారు పడవలూ అన్నీ ఒక కంపెనీవే. నీళ్ళూ వాళ్ళవేనట. హోటల్లో బట్టలుతికే మెషిన్లు చెడిపోయి ఆరు నెలలైంది. "కింద బండలున్నాయిగా. పారే నీళ్ళు. మెషిన్ కంటే తెల్లగా వస్తాయి" అని మేనేజరే వాళ్ళని అక్కడికి పంపాడు. రోజూ పొద్దున్నే హోటల్ వ్యాను మూటల్నీ మనుషుల్నీ కలిపి దింపిపోయేది. పిల్లని చూసేవాళ్ళు ఇంట్లో లేరు. నాలుగేళ్ళ బుజ్జిదీ అదే వ్యానులో వచ్చేది.

గేట్లు ఎత్తే ముందు సైరను మోగాలి. మోగితే ఎక్కడి దుప్పటి అక్కడ వదిలి గట్టెక్కాలి. పాత పద్ధతి అది. కానీ సైరను మోగితే పడవల్లో పిల్లలు జడుసుకుంటున్నారని, వీడియోలు పాడవుతున్నాయని హోటలుకొచ్చేవాళ్ళు గొణిగారు. దాంతో సెలవురోజుల్లో సైరను బంద్. గేటు గదిలోంచి వ్యాను డ్రైవరుకి ఫోను చేస్తారు, అతను గట్టు మీంచి కేకేస్తాడు. ఇదీ కొత్త పద్ధతి. పైగా చెరువు నిండుగా ఉంటే చూడ్డానికి బాగుంటుందని డ్యాము గోడ మీద ఇంతకన్నా నింపొద్దని గీసిన ఎర్రగీత దాటి నింపేవాళ్ళు. గీత ఎవరికీ కనబడకుండా నీలం రంగు పూయించారు. అంత నింపాక ఎగువన చిన్న జల్లు పడినా గేట్లు ఎత్తక చస్తారా?

ఆ ఆదివారం గలగలక్క ఒక దుప్పటి విప్పి అందరికీ చూపించింది. ఆమె నోటికి మూత లేదు, అందుకే ఆ పేరు. "చూడండే, దీని మీద వాడు నిద్రపోయాడా, కుస్తీ పట్టాడా?"

అందరూ విరగబడి నవ్వారు. ఏడోక్లాసు నవ్వుతూనే దుప్పటి పిండడానికి అటు తిరిగింది. బుజ్జిది నడి బండ మీద కూర్చుని సబ్బు కవరుని పడవ చేసి వదులుతోంది.

హోరు వినబడి ఇటు తిరిగేసరికి పిల్ల గాల్లో ఉంది. గలగలక్క రెండు చేతులతో ఎత్తి గట్టు మీదకి విసిరింది. పిల్ల మోకాళ్ళు చీరుకుపోయాయి, గుక్కపెట్టి ఏడ్చింది. బండ మీద గలగలక్క లేదు. బండే లేదు. నీళ్ళే.

సాయంత్రానికి దిగువన వంతెన దగ్గర దొరికింది. ఆ నోరు మూసుకుని ఉండగా చూడ్డం అందరికీ అదే మొదటిసారి.

గేట్లు ఎత్తే ముసలాయన్ని అందరూ గేటు బాబాయ్ అనేవాళ్ళు. ఆయన శవం దగ్గరికి వచ్చాడు. పెద్దమ్మ, అంటే ఆ పదకొండు మందిలో పెద్దది, ఆయన చొక్కా పట్టుకుంది.

"ఫోను చేశానమ్మా. డ్రైవరు ఎత్తలేదు. వాణ్ణి రైల్వే స్టేషనుకి పంపారట, ఎవరినో తీసుకురమ్మని."

"వాడు ఫోను ఎత్తకపోతే నువ్వు గేటు ఎత్తేస్తావా?"

ఆయన తల దించుకున్నాడు. "పై నుంచి ఆర్డరు..."

"ఆర్డరు పైనించి, నీళ్ళు పైనించి. కింద చచ్చేది మేము!"

సోమవారం పొద్దున విచారణకి ఆఫీసరొస్తున్నాడని తెలిసి ఆడవాళ్ళంతా బండల దారి దగ్గరికి వెళ్ళారు. అక్కడ ఒక బోర్డు నిలబడి ఉంది. నిన్న లేదు. ఏడోక్లాసు చదివింది: "ప్రమాద స్థలం. ఎవరూ దిగరాదు."

"ఎవరూ అంటే ఎవరే? మనమేనా?" అంది పెద్దమ్మ.

ఏడోక్లాసు అక్షరం మీద వేలు పెట్టింది. వేలికి ఎర్రరంగు అంటుకుంది. ఇంకా ఆరలేదు. ఆ ఎరుపు చూడగానే ఆమెకి ఒళ్ళు మండిపోయింది. నిన్న గట్టు మీద మిగిలిపోయిన మూటలోంచి తెల్లటి దుప్పటి లాగింది, బోర్డు మీద పరిచింది, రెండు అరచేతులతో నొక్కింది. తీసి చూస్తే అక్షరాలన్నీ దిగాయి.

"ఏంటే, అద్దంలో చూసినట్టున్నాయి?"

"తిరగబడ్డాయి పెద్దమ్మా."

"తిరగబడనీ. అక్షరాలకున్న బుద్ధి మనకి లేకపోయింది."

డ్యాము మీద కుర్చీలు వేశారు. ఆఫీసరు కూర్చున్నాడు. మేనేజరు నిలబడి రాసుకొచ్చింది చదివాడు. చనిపోయిన మనిషి స్నానానికని తనంతట తాను దిగిందట. రెండేళ్ళుగా బోర్డు ఉన్నా లెక్కచెయ్యలేదట.

"రెండేళ్ళా?" ఏడోక్లాసు మేనేజరుని దాటుకుని ముందుకొచ్చింది. "సార్, నేను చదివింది ఏడే. కానీ రెండేళ్ళ కింద వేసిన రంగు ఇవాళ పొద్దున చేతికంటుకోదని తెలియడానికి ఆ ఏడు కూడా అక్కర్లేదు."

దుప్పటి విప్పారు. రెండు చివరలా ఇద్దరు పట్టుకున్నారు. గాలికి తిరగబడ్డ అక్షరాలు రెపరెపలాడాయి. మేనేజరు ముఖం మాడిపోయింది.

ఆఫీసరు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఇది దుప్పటమ్మా. దీన్ని ఫైల్లో ఎలా పెట్టను?"

"మనిషిని పెట్టేశారుగా సార్ ఫైల్లో! దుప్పటి పట్టదా?"

ఆఫీసరు పరిశీలిస్తానని లేచి వెళ్ళాడు. హోటల్లో భోజనం చేసి మరీ వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నమే ఉతకడం ఆపేశారు. అడిగింది మూడే. సెలవైనా కాకపోయినా సైరను మోగాలి. ఎర్రగీత మళ్ళీ కనబడాలి, నీళ్ళు దాని కిందే ఉండాలి. గలగలక్క పనిలో చచ్చిపోయిందని కంపెనీ రాసివ్వాలి. ఆ అక్షరాల దుప్పటిని బ్యానరులా కట్టి డ్యాము మీదే కూర్చున్నారు.

ఏడోక్లాసు మొగుడు కంపెనీ పడవ నడుపుతాడు. ఇంట్లో గొడవ పెట్టుకున్నాడు. "నీ పనీ పోయి, నా పడవా పోతే ఏం తింటాం?"

"పిల్ల పోయుంటే ఏం తినేవాళ్ళం?"

అతను చెంబు తీసుకుని బయటికి పోయాడు.

మళ్ళీ ఆదివారం. ఎగువన వాన. చెరువు అంచుల దాకా ఉంది, పడవలు తిరుగుతున్నాయి, పాటలు మోగుతున్నాయి. ఏడోక్లాసు డ్యాము మీంచి కిందికి చూసింది. బండల మీద ఆడవాళ్ళున్నారు. ఏడెనిమిది మంది. ఎక్కడినుంచో తెచ్చి దింపాడు మేనేజరు. ఒకామె వీపుకి చంటిపిల్లని కట్టుకుని ఉతుకుతోంది.

"మన పొట్ట కొట్టడానికొచ్చారు. పోనీ" అంది ఎవరో.

"నోరు ముయ్యి!" ఏడోక్లాసు ఇంత గట్టిగా అరవగలదని ఎవరికీ తెలియదు. "వాళ్ళకి బండలు తెలీదు. నీళ్ళు తెలీదు. వారం కిందటి మనమే వాళ్ళు!"

గేటు గది వైపు పరిగెత్తింది. వెనక అందరూ. లోపల మేనేజరు, "ఎత్తవయ్యా, నీళ్ళు గోడ దాటేలా ఉన్నాయి. డ్రైవరు కేకేస్తాడులే" అంటున్నాడు.

"బాబాయ్!" గుమ్మంలో నిలబడి రొప్పుతోంది ఏడోక్లాసు. "ఆ రోజు అటు తిరిగింది నేను. ఇవాళ నువ్వు తిరగకు. కిందికి చూడు. వీపు మీద పిల్ల ఉంది."

ఆయన కిటికీలోంచి చూశాడు. చెయ్యి గేటు మీటల వైపు కాకుండా గోడ వైపు వెళ్ళింది. దుమ్ము పట్టిన సైరను బొత్తాం మీద అరచెయ్యి పెట్టి నొక్కాడు. మేనేజరు చెయ్యి లాగాడు. పెద్దమ్మ మేనేజరుని లాగింది. బాబాయ్ తియ్యలేదు. సైరను చెరువంతా మోగింది, పాటలు ఆగిపోయాయి. కింద ఆడవాళ్ళు తలెత్తారు. పైనుంచి మిగతావాళ్ళు చేతులూపుతూ గొంతులు చించుకున్నారు. మూటలు వదిలి ఒక్కొక్కరే గట్టెక్కారు. ఆఖరి మనిషి ఎక్కాకే బాబాయ్ గేటు ఎత్తాడు. తెల్లటి దుప్పట్లు నురగలో కలిసి కొట్టుకుపోయాయి.

చంటిపిల్ల తల్లి తడిసిన కాళ్ళతోనే వచ్చి తిరగబడ్డ అక్షరాల కింద కూర్చుంది. ఎవరూ పిలవలేదు.

గంటలో పోలీసులొచ్చారు. సైరను మోగించి జనాన్ని భయపెట్టాడట, అదీ నేరం. బాబాయ్‌ని జీపెక్కిస్తుంటే బుజ్జిది నోరు తెరిచి "ఊఁ..." అంది, సైరనులా. పెద్దమ్మ అందుకుంది. తర్వాత అందరూ, కిందనుంచి గట్టెక్కినవాళ్ళతో సహా. జీపు చుట్టూ ఇరవై గొంతుల సైరను. కింద ఒడ్డున పడవలు ఒక్కొక్కటే ఆగాయి. మొదట తాడు కట్టేసి పైకి వచ్చింది ఏడోక్లాసు మొగుడు.

జీపు జనాన్ని తోసుకుంటూ పోయింది. కానీ ఆ రోజునుంచి సెలవొచ్చిందంటే చాలు, డ్యాము మీద వంతులవారీగా ఇద్దరు నిలబడుతున్నారు. గేటు గదిలో మనిషి కదిలితే చాలు, కింద ఎవరున్నా వినబడేలా నోటితో మోగిస్తారు. దుప్పట్లు ఇంకా ఉతకలేదు. హోటల్లో గదులు ఖాళీ.

బాబాయ్‌ని ఎక్కడ పెట్టారో మాత్రం చెప్పడం లేదు. రెండు పోలీసు స్టేషన్లలో అడిగితే మా దగ్గర లేడన్నారు. ఇది చదువుతున్న మీరు ఫ్యాక్టరీలో పనిచేస్తున్నా, కాలేజీలో చదువుతున్నా, మీ ఊళ్ళో ఉన్న స్టేషనుకి ఒకసారి వెళ్ళండి. ఒక్కరే వెళ్ళకండి, నలుగురు కలిసి వెళ్ళండి. ముసలాయన, బక్కగా ఉంటాడు, పూటపూటకీ బీపీ మాత్ర వేసుకోవాలి. ఇరవై ఏళ్ళు సైరను పక్కన పనిచేసి ఎడమ చెవి పోయింది. అందుకని కుడివైపు నిలబడి, గట్టిగా పిలవండి: "బాబాయ్, ఉన్నావా?"